చలికాలం ఘాట్ రోడ్డుకి పాత కారు: పెద్దదా, కొత్తదా?

ప్రశ్న: చింతపల్లి మండలంలో టీచర్‌ని. బడి ఇరవై కిలోమీటర్లు. ఇన్నాళ్లూ స్కూటీ మీదే వెళ్తున్నాను. డిసెంబరు, జనవరిలో ఉదయం ఎనిమిదైనా పొగమంచు విడవదు. అప్పుడప్పుడు పిల్లలతో నర్సీపట్నం దిగాలి. మూడున్నర లక్షల్లో పాత కారు కొందామంటే బావగారు బొలేరో అంటున్నారు, మావారు డీజిల్ స్విఫ్ట్ అంటున్నారు. నడిపేది మాత్రం నేనే. ఏది కొనమంటారు?
- ఒక పాఠకురాలు, చింతపల్లి

జవాబు: ఇద్దరికీ కోపం వచ్చినా సరే, ఆ రెండూ వద్దంటానమ్మా.

నర్సీపట్నంలో మెకానిక్ షెడ్డు పెట్టినప్పటి నుంచీ లంబసింగి వైపు బళ్లు చూస్తున్నాను. చలికాలంలో స్టార్ట్ కాలేదని వచ్చేవి తక్కువే. ముందున్న బండి కనపడక గుద్దినవి, మలుపులో బ్రేకు కొడితే జారి కాలవలోకి దిగినవే ఎక్కువ. పొద్దున్నపూట డౌనూరు ఘాట్‌లో వాన లేకపోయినా రోడ్డు తడిగానే ఉంటుంది. అందుకని మీరు చూడాల్సింది బండి బలం కాదు. దారి ఎంత బాగా కనపడుతుంది, బండి ఎంత బాగా ఆగుతుంది, ఆ రెండే.

గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. మీ డబ్బుకి దొరికే బొలేరో అంతకు ముందుదే అయ్యుంటుంది. స్విఫ్ట్ సంగతీ అంతే. పైగా మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లే ఆపేసింది. రోజుకి నలభై కిలోమీటర్ల కోసం పాత డీజిల్ ఖర్చు నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

2019 తర్వాతి చిన్న పెట్రోలు బండి చూడండి. నా ఓటు మారుతి ఎస్-ప్రెస్సోకి. నేలకీ బండి అడుగుకీ మధ్య 180 మిల్లీమీటర్ల ఎత్తు (క్లియరెన్స్) ఉంది, సీటు ఎత్తు, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. రెనో క్విడ్ అయినా పర్వాలేదు, కానీ 1000 సీసీది తీసుకోండి. 800 సీసీది నలుగురితో ఘాట్ ఎక్కాలంటే ఆయాసపడుతుంది. వ్యాగన్‌ఆర్ మంచి బండే, క్లియరెన్స్ కొంచెం తక్కువ. మీ బడి దారిలో రాళ్లు తేలి ఉంటే ఆలోచించుకోండి.

ఏపీ 39 నంబరు ఉంది కదా, కొత్త బండే అనుకోకండి. ఆ సిరీస్ 2019లో మొదలైన మాట నిజమే గానీ, వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ రిజిస్టర్ చేయించిన పాత బళ్లకీ అదే వస్తుంది. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అవి చదవండి. తాళం తిప్పగానే మీటరులో ఏబీఎస్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఏదో దాస్తున్నారని అర్థం.

బండి చూడ్డానికి తెల్లారగానే వెళ్లండి. ముందే స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామనండి. చలిలో సైలెన్సర్ నుంచి కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, దాన్ని చల్లబరిచే కూలెంట్ మూత తీసి చూడండి. తుప్పు రంగు నీళ్లు కనపడితే బేరం ఆపేయండి.

ఏసీ పనిచేయడం లేదంటే "చలికాలం ఏసీతో పనేముంది మేడమ్" అంటారు. ఉంది! లోపల నలుగురు ఊపిరి తీస్తుంటే అద్దం నిమిషంలో మసకేస్తుంది. ఏసీ వేసి, హీటర్ కలిపి, గాలిని ముందు అద్దం మీదకి తిప్పితేనే అది విడుతుంది. కాబట్టి ఏసీ, హీటర్ రెండూ వేయించి చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం టైరన్నమాట. అంత పాతవైతే గాడులు ఎంత లోతున్నా కొత్తవి వేయించాల్సిందే, ఆ డబ్బు బేరంలో తగ్గించుకోండి. పసుపెక్కిన హెడ్‌లైట్లు పాలిష్ చేయించుకోవచ్చు. మార్కెట్లో అమ్మే తెల్లటి ఎల్ఈడీ బల్బులు మాత్రం వద్దు. పొగమంచులో డిమ్ లైటే దారి చూపిస్తుంది, హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ కనపడుతుంది. దిగేటప్పుడు రెండో గేరు. న్యూట్రల్‌లో దొర్లించి పెట్రోలు మిగిల్చే తెలివి ఎవరు నేర్పినా నేర్చుకోకండి.

లోన్ ఉన్న బండైతే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్‌సీలో లోన్ తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి.

ప్రశ్న: మా పాత డీజిల్ జీపు చలికి పొద్దున్నే స్టార్ట్ కాదు. డ్రైవరు కింద గడ్డి మంట వేస్తున్నాడు. ప్రమాదమా?
- మరో పాఠకుడు, పాడేరు

జవాబు: చాలా ప్రమాదం, ఇవాళే మాన్పించండి. ఇంజన్ కింద ఆయిల్, డీజిల్ పైపులు ఉంటాయి. తాళం తిప్పాక మీటరులో స్ప్రింగులాంటి గుర్తు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టమనండి. అయినా స్టార్ట్ కాకపోతే, స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల వేడి చేసే గ్లో ప్లగ్గులు, బ్యాటరీ చెక్ చేయించండి.