జర్మనీలో ఏ బోర్డు అని వెతక్కు తమ్ముడూ

చీపురుపల్లి నుంచి మ్యూనిక్ వస్తున్నావు, పాప మూడో క్లాసు, మన సీబీఎస్ఈ లాగా జర్మనీ అంతటికీ ఏ బోర్డు అని కదా అడిగావు. అలాంటిది లేదు. ఇక్కడ బడి కేంద్రం చేతిలో ఉండదు, 16 రాష్ట్రాల్లో ఎవరి విద్యాశాఖ వాళ్లది, ఎవరి సిలబస్ వాళ్లది. ఆ రాష్ట్రాల విద్యామంత్రులంతా కలిసి మాట్లాడుకునే సమితి ఒకటి 1948 నుంచీ ఉంది గానీ చట్టాలు చేసే అధికారం దానికి లేదు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో టీచర్ల జీతాలు, పాఠాలు రాష్ట్రం చూస్తుంది, ప్రైమరీ బడి బిల్డింగు, బెంచీలు ఊరి మునిసిపాలిటీవి.

సీటు కోసం తిరగక్కర్లేదు. ఇల్లు దొరికాక అడ్రస్ రిజిస్టర్ చేయిస్తే ఆ వీధి ఏ బడి కిందకి వస్తే అందులోనే చేరుస్తారు, ఫీజు, డొనేషన్ లేవు.

అసలు టెన్షన్ నాలుగో క్లాసులో. బెర్లిన్‌లో ప్రైమరీ ఆరేళ్లు, బవేరియాలో నాలుగే, ఆ తర్వాత పిల్లలు దారులు చీలిపోతారు. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఈ మూడింటి సగటు 2.33 లోపు ఉంటే గిమ్నాజియం (నేరుగా యూనివర్సిటీకి తీసుకెళ్లే బడి), 2.66 లోపు అయితే రియల్‌షూలే (పదో క్లాసు దాకా ఉండే మధ్యస్థాయి బడి), మిగతావాళ్లకి మిట్టెల్‌షూలే (చేతిపనుల వైపు మొగ్గే బడి). ఇక్కడ 1 అంటే ఫస్టు, 6 అంటే ఫెయిలు, రిపోర్టు చూసి పాపని తిట్టేయకు! సగటు ఆ అంకె దాటిపోతే మూడు రోజుల పరీక్ష ఇంకోటి ఉంటుంది. అంటే మీ పాపకి ఉన్న టైము తక్కువ, లెక్కల ట్యూషన్ మానేసి ముందు జర్మన్ మీద పడండి, భాష రాని పిల్లలకి బళ్లోనే ప్రత్యేక క్లాసులుంటాయి, అడగండి. గిమ్నాజియం రాకపోయినా కొంప మునగదు, తర్వాత వేరే దారిలో కూడా యూనివర్సిటీకి వెళ్లొచ్చు, కంపెనీలో పని నేర్చుకుంటూ జీతం తీసుకునే చదువుకీ ఇక్కడ మంచి మర్యాదే. మనవాళ్లే ఆ మాట వినరు.

ఇంకోటి, సంక్రాంతికి పదిరోజులు బడి మాన్పిద్దాం అనుకోకు. క్రిస్మస్ సెలవులు జనవరి మొదట్లోనే అయిపోతాయి, బడి ఒప్పుకోకుండా మాన్పిస్తే ఫైన్ పడుతుంది, సెలవుల ముందు ఎయిర్‌పోర్టులో పోలీసులు ఆపి అడిగిన సందర్భాలున్నాయి. ఇంట్లో చదివిస్తామన్నా కుదరదు. విజయనగరం సిరిమాను జాతరకీ చాలా ఏళ్లు సెలవులు కలవవు. వేసవి సెలవులు ఆగస్టు నుంచి సెప్టెంబరు మధ్య దాకా, టిక్కెట్లు ఆ తేదీలు చూసుకునే బుక్ చెయ్యి.