బైపాస్‌కు ముందు మాత్రలు సొంతంగా ఆపొద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. 15 ఏళ్లుగా షుగర్ ఉంది. మూడు రక్తనాళాల్లో బ్లాకులు ఉన్నాయని వచ్చే వారం బైపాస్ చేస్తామన్నారు. గుండెను ఆపి చేస్తారట. కండరం దెబ్బతినదా? మళ్లీ కొట్టుకుంటుందా? రక్తస్రావం అవుతుందని బంధువులు చెప్పడంతో నాలుగు రోజులుగా మాత్రలన్నీ ఆపేశాం. రాత్రి పడుకున్నప్పుడు ఛాతీ కాస్త బరువుగా ఉంటోందట.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ ప్రశ్న కన్నా మీరు చివర్లో రాసిన విషయమే నన్ను కలవరపెడుతోంది. పడుకున్నా ఛాతీ బరువెక్కుతోందంటే దాన్ని 'కాస్త' అనుకోకూడదు. వచ్చే వారం దాకా ఆగకుండా ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మాత్రలన్నీ ఆపమని డాక్టర్ చెప్పారా? రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఆపరేషన్‌కు 5 రోజుల ముందు, షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్‌ను 3 రోజుల ముందు ఆపిస్తాం. ఆస్పిరిన్ చాలామందికి కొనసాగిస్తాం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మానకూడదు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటివి వాడుతూ ఒక్కసారిగా ఆపేస్తే గుండె వేగం పెరుగుతుంది, అందే కొద్దిపాటి రక్తం కండరానికి చాలదు. అలా ముందే నలిగిన కండరాన్ని ఆపరేషన్‌లో కాపాడటం మాకు మరింత కష్టం. బంధువుల మాట మీద గుండె మందులు మానేయడం ఎంత ప్రమాదమో దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. అలాగని మీరే మళ్లీ మొదలుపెట్టకండి. మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.

ఇక గుండెను ఆపడం గురించి. ఆ సమయంలో ఒంటికి రక్తాన్ని హార్ట్ లంగ్ మెషిన్ అందిస్తుంది. గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమనిని క్లాంపుతో (పట్టి ఉంచే పరికరంతో) బిగించి, పొటాషియం ఎక్కువగా ఉన్న చల్లటి ద్రావణాన్ని గుండె రక్తనాళాల్లోకి పంపుతాం. కాసేపటికి ఈసీజీ గీత ఎగుడుదిగుళ్లు లేకుండా చదునవుతుంది, అంటే గుండె ఆగినట్టే. కదలిక లేని కండరానికి ఆక్సిజన్ అవసరం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అదే దానికి రక్షణ. ద్రావణాన్ని బట్టి సుమారు 20 నిమిషాలకోసారి మళ్లీ ఇస్తాం, కొన్ని రకాలైతే ఒక్క మోతాదే గంటకు పైగా సరిపోతుంది. బ్లాకుల వల్ల ముందు నుంచి అందని చోటికి, గుండె సిర ద్వారా వెనుక నుంచి కూడా పంపవచ్చు. క్లాంపు తీశాక గుండె చాలాసార్లు తనంతట తానే కొట్టుకుంటుంది, లేకపోతే చిన్న షాక్ ఇస్తాం. కొందరికి గుండె ఆపకుండానే బైపాస్ చేస్తారు. ఏది తగినదో సర్జనే నిర్ణయించాలి.

గుండె పంపింగ్ శాతం, కిడ్నీ పరీక్షల వివరాలు మీరు రాయలేదు. అవి చూడకుండా మీ నాన్నగారికి ముప్పు ఎంతో ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. ఎకో రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి.