బండి సంగతులు: ఆరడుగులు దాటినవాళ్ళకు రెండు సిలిండర్ల బండి

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. నా ఎత్తు ఆరడుగుల మూడు అంగుళాలు. ఇన్నేళ్ళూ 150 సీసీ బండి మీదే తిరిగాను. ఇప్పుడు రెండు సిలిండర్ల స్పోర్ట్స్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొందామని డబ్బు కూడబెట్టుకున్నాను, మూడు చూశాను. 2018 యమహా ఆర్3 రెండు లక్షల ముప్పై వేలంటున్నారు. అదే ఏడాది కవాసాకి నింజా 650 నాలుగు లక్షలు. బెంగళూరులో ఒకాయన దగ్గర హ్యోసంగ్ జీటీ650ఆర్ ఉంది, లక్షన్నరకే ఇచ్చేస్తానంటున్నాడు. సీటు ఎత్తు చూస్తే ఆర్3ది 780 మిల్లీమీటర్లు, నింజాది 790. పది మిల్లీమీటర్ల కోసం లక్షా డెబ్బై వేలు ఎక్కువ పెట్టాలా? ఏది తీసుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, నువ్వు చూస్తున్న అంకె నీకు పనికొచ్చేది కాదు. సీటు ఎత్తు అంటే నేల నుంచి సీటుకు ఉన్న దూరం. సిగ్నల్ దగ్గర కాలు ఆనుతుందో లేదోనని భయపడేవాళ్ళకు ఆ లెక్క కావాలి. నీకు కావలసింది సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య ఉన్న దూరం. దాన్ని బ్రోచర్లలో సాధారణంగా వేయరు, నువ్వే టేపు పట్టుకుని కొలుచుకోవాలి.

ముందు నీ కాలు కొలుచుకో. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావుపాటి పుస్తకం పెట్టి పైకి గట్టిగా నొక్కి, నేల నుంచి దాని పైఅంచు దాకా ఎవరినైనా కొలవమను. నీ ఎత్తుకు 88 నుంచి 90 సెంటీమీటర్లు రావచ్చు. అంటే 78 సెంటీమీటర్ల సీటు మీద కూర్చుంటే నీ రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆని, ఇంకా మోకాళ్ళు కాస్త వంగి ఉంటాయి. అప్పుడు అమ్మేవాడు, నీతో వచ్చిన స్నేహితులు అందరూ "భలే సరిపోయింది" అంటారు. బండి కదిలాక పాదాలు నేల మీద ఉండవు కదా, స్పోర్ట్స్ బండిలో వెనక్కీ పైకీ జరిపి పెట్టిన ఫుట్‌రెస్ట్ మీద ఉంటాయి, అక్కడే మోకాలు మడత పడుతుంది. నాది ఆరడుగుల రెండు. నేను మొదట కొన్న 300 సీసీ ట్విన్ (రెండు సిలిండర్ల బండి) మీద కర్నూలు నుంచి అనంతపురం వస్తుంటే డోన్ దాటకముందే కుడి మోకాలి వెనక నరం లాగడం మొదలయ్యేది, గుత్తిలో దిగి పది నిమిషాలు నడిస్తే గానీ మళ్ళీ ఎక్కలేకపోయేవాణ్ణి. ఆ బండి ఇంజన్ అంటే నాకు ప్రాణం. అయినా ఎనిమిది నెలలకే అమ్మేశాను. నీకు ఆ బాధ రాకూడదని ఇంత చెప్తున్నాను.

అందుకని బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఊరికే ఎక్కి దిగొద్దు. వెనక చక్రాన్ని ఎత్తి బండిని నిటారుగా నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ వేయించు, లేదంటే ఇద్దరిని పట్టుకోమని రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి, చేతులు హ్యాండిల్ మీద పెట్టి కదలకుండా పదిహేను నిమిషాలు కూర్చో. నువ్వు రోజూ వేసుకునే షూసే వేసుకుని వెళ్ళు, పన్నెండో నంబరు షూ గేర్ లివర్ కింద దూరుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది (లివర్‌ను కాస్త పైకి సర్దుకోవచ్చు, అదేం పెద్ద సమస్య కాదు). నీ మోకాళ్ళు ట్యాంకు పక్కనున్న గుంటలో కూర్చుంటున్నాయా, లేక ఫెయిరింగ్ (బండిని కప్పే ప్లాస్టిక్ తొడుగు) అంచుకు కొట్టుకుంటున్నాయా చూడు. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పు. మోకాలికి తగిలితే ఆ బండి మీద ఇరుకు సందులో యూ టర్న్ తీసుకోలేవు.

ఇప్పుడు నీ మూడు బండ్లు. ఆర్3 ఇంజన్ 321 సీసీ, 42 గుర్రాల శక్తి, నునుపుగా తిరుగుతుంది, హ్యాండిల్ కూడా మరీ కిందకు ఉండదు. మంచి బండి, కానీ చిన్న బండి. నీ ఒళ్ళు దానికి ఎక్కువ. 2020లో ఇక్కడ అమ్మకం ఆపేసి 2023 చివర్లో మళ్ళీ తెచ్చారు కాబట్టి ఊళ్ళో యమహా షోరూమ్ ఉన్నంత మాత్రాన దాని విడిభాగాలు అక్కడ ఉంటాయని అనుకోవద్దు, ముందే అడుగు.

హ్యోసంగ్ గురించి నిజం చెప్పాలంటే, మూడింటిలో నీ ఒంటికి కొలత సరిపోయేది అదే. పెద్ద బండి, రెండు సిలిండర్లూ 'వి' ఆకారంలో 90 డిగ్రీల కోణంలో ఉండే వి-ట్విన్, సీటు 830 మిల్లీమీటర్లు. కానీ దాన్ని అమ్మిన కంపెనీ ఇక్కడ మూతపడి ఏళ్ళయింది. రేపు ఫ్యూయల్ పంపు పోతే, చిన్న రబ్బరు సీలు పోతే, దేశంలో ఎవరి దగ్గర పాతది దొరుకుతుందా అని నెలల తరబడి వెతకాలి. ఆ బండిని ప్రాణంగా చూసుకుంటూ నడుపుతున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు సొంతంగా ఇంజన్ విప్పడం వచ్చు, ఇంట్లో ఇంకో బండీ ఉంటుంది. నీకున్నది ఒకే బండి అయితే లక్షన్నర కాదు, లక్షకిచ్చినా వద్దు.

నేనైతే నింజా 650 తీసుకుంటాను. 649 సీసీ, 68 గుర్రాల శక్తి, 193 కిలోలు. హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది, నడుం మరీ వంగదు. కానీ సీటు 790 అని నువ్వు అన్నావు కదా, ఆ సీటు మీద నీ మోకాలు ఇరుకవుతుంది, ఆర్3 అంత కాకపోయినా. సీటులో గట్టి ఫోమ్ ఒక అంగుళం పెంచి కుట్టిస్తే ఆ అంగుళమంతా మోకాలికే కలిసొస్తుంది. బాగా చేసే సీటు కవర్ల షాపువాడు ఒక్క పూటలో చేసిస్తాడు. ఫుట్‌రెస్టులు కిందకు దించే ప్లేట్లు కూడా దొరుకుతాయి, అయితే మలుపులో బండి వాలినప్పుడు అవి నేలకు తొందరగా తగులుతాయి, అందుకని నేను ముందు సీటు సంగతే చూడమంటాను. అంతా చేసినా పదిహేను నిమిషాల పరీక్షలో మోకాలు ఒప్పుకోలేదంటే, ఇదే ఇంజన్‌తో వచ్చే వెర్సిస్ 650 చూడు. సీటు 840 పైన, ట్యాంకు 21 లీటర్లు, నిటారుగా కూర్చోవచ్చు. అది స్పోర్ట్స్ బండిలా కనిపించదని నాకూ తెలుసు. కానీ నీ ఎత్తుకు కుట్టించినట్టు ఉంటుంది. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరసల రోడ్డు మీద బైకుకు గరిష్ఠ వేగం 80. ఆ వేగంలో మూడు గంటలు హాయిగా కూర్చోగలవా అన్నదే నీ ప్రశ్న కావాలి, బండి 200 వెళ్తుందా అని కాదు.

మీ స్నేహితులు కేటీఎం ఆర్‌సీ 390, అపాచీ ఆర్ఆర్ 310 చూడమని కూడా చెప్పి ఉంటారు. రెండూ సింగిల్ సిలిండర్లే. అప్రిలియా ఆర్ఎస్ 457 ట్విన్, 270 డిగ్రీల క్రాంక్ (రెండు పిస్టన్ల కదలిక మధ్య ఉండే కోణం అది), వి-ట్విన్ లాంటి దడదడ ఉంటుంది, బారామతిలో తయారవుతుంది. నింజా, ఆర్3లది 180 డిగ్రీల క్రాంక్, ఇంజన్ నింపాదిగా తిరిగేటప్పుడు మామూలుగా ఉండి వేగం పెరిగేకొద్దీ గొంతు ఎత్తుకుంటుంది. శబ్దం కోసం కొనేవాడివైతే రెండూ విని చూడు. అప్రిలియా కూడా నీకు చిన్నదే.

బండి పరీక్ష మాటకొస్తే, పొద్దున్నే వెళ్ళు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పు. వెళ్ళగానే ఇంజన్ కేసు మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడని అర్థం. స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకు ముందువైపు రెండు సైలెన్సర్ గొట్టాల మీదా చెరో నీటి చుక్క వేయి. రెండూ చుయ్‌మని ఆవిరి కావాలి. ఒకటి నింపాదిగా జారిపోతే ఆ సిలిండర్ సరిగా మండడం లేదు. ట్విన్‌కు ఇది చాలా ముఖ్యమైన పరీక్ష, ఎందుకంటే ఒక సిలిండర్ నీరసంగా ఉన్నా రెండోది బండిని లాగేస్తూ ఉంటుంది, కొత్తవాళ్ళకు తేడా తెలియదు. తర్వాత అలాగే నిలబెట్టి ఉంచు, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలయ్యేదాకా ఓపిక పట్టు. మన ఎండల్లో, మే నెలలో క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆ ఫ్యాన్ తిరక్కపోతే ఇంజన్ పోతుంది. తిరిగితే ఆ వేడంతా నీ తొడల మీదకే వస్తుంది, అది వేరే సంగతి, దానికి సిద్ధపడాలి.

పడిన బండా కాదా అన్నది హ్యాండిల్ చివరలు, లివర్ల కొసలు, ఫుట్‌రెస్ట్ కొసలు చెప్తాయి. ఫెయిరింగ్‌కు కొత్త రంగు వేస్తారు, కానీ కింద ఫ్రేమ్ మీద హ్యాండిల్ తిరగడం ఆగే చోట చిన్న ముక్క ఉంటుంది, టార్చి వేసి చూడు, అది నలిగి ఉంటే బండి గట్టిగా గుద్దుకుంది, వదిలేయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడి ఎంత బాగున్నా ఆరేడేళ్ళ టైరు మీద నువ్వు హైవే ఎక్కొద్దు. ముందు ఫోర్కుల గొట్టాల మీద నూనె జాడ ఉందా, చైన్ వదులుగా ఉందా అన్నవి మెకానిక్ ఎలాగూ చూస్తాడు. టైర్లు, చైన్ సెట్, బ్యాటరీ, ఒక పూర్తి సర్వీసు అని నలభై యాభై వేలు పక్కన పెట్టుకుని మిగిలినదాంతోనే బేరమాడు.

ఇంకొకటి. పొడుగువాళ్ళ తల విండ్‌స్క్రీన్ పైన ఉంటుంది, స్క్రీన్ అంచు నుంచి లేచిన గాలి నేరుగా హెల్మెట్‌కు కొట్టి తల ఊగిపోతుంది. అందరూ పెద్ద స్క్రీన్ వేయించుకోమంటారు. సగం ఎత్తు పెరిగిన స్క్రీన్ ఒక్కోసారి దాన్ని ఇంకా ఎక్కువ చేస్తుంది, ఉన్నదాన్ని తీసేసి నడిపితే శుభ్రమైన గాలి తగిలి హాయిగా ఉంటుంది. డబ్బు పెట్టేముందు ఒకసారి తీసి నడిపి చూడు. రామగిరి గాలిమరల వైపు వెళ్ళే రోజున పక్కగాలికి కూడా తేడా తెలుస్తుంది.

నింజా సర్వీసుకు బెంగళూరు వెళ్ళాలి, రెండు వందల కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు ఆ ప్రయాణం నీకు పండగలా అనిపిస్తే కొను.

ప్రశ్న: అన్నయ్యా, మాది కడప. మా ఆయన ఆరడుగుల ఒకటి, సెకండ్ హ్యాండ్ నింజా 400 మీద మనసు పడ్డాడు. ఆదివారాలు ఇద్దరం గండికోట వెళ్తుంటాం. ఆ వెనక సీటు చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది. వద్దంటే బాధపడతాడు.

జవాబు: చెల్లెమ్మా, నీ భయం సరైనదే. ఆ వెనక సీటు చిన్నది, ముందుకు వాలి ఉంటుంది, ఎత్తు మీద ఉంటుంది. గండికోట దాకా ఎనభై కిలోమీటర్లు ఓర్చుకోవచ్చేమో, కానీ ఎప్పుడైనా రాయచోటి వైపు వెళ్తే గువ్వలచెరువు ఘాట్‌లో దిగుతూ బ్రేకు వేసిన ప్రతిసారీ నువ్వు ఆయన వీపు మీదకు జారతావు, ఆ బరువంతా ఆయన మణికట్టు మీద పడుతుంది. అంటే ఇద్దరికీ కష్టమే. మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ప్రకారం వెనక కూర్చునేవాళ్ళకు చేతిపట్టు, ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని సగమైనా కప్పే గార్డు ఉండాలి. కొత్తగా అమ్మినప్పుడు ఉంటాయి. పాత బండ్లలో అందం కోసమని వాటిని పీకేస్తారు. కాబట్టి బండి చూడ్డానికి నువ్వూ వెళ్ళు, వెనక కూర్చుని అరగంట తిప్పమను. ఆ తర్వాత రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కూడా ఒకటి ఎక్కి చూడండి. అదీ రెండు సిలిండర్లే, 270 డిగ్రీల క్రాంక్, సీటు 804 మిల్లీమీటర్లు, ఇద్దరికీ ఒకటే చదునైన సీటు. స్పోర్ట్స్ బండి కాదని ఆయన అంటాడు, నిజమే. రెండింటి మీదా ఇద్దరూ కూర్చున్నాక మాట్లాడుకోండి, చూసి వద్దనడం వేరు, కూర్చుని చెప్పడం వేరు. హెల్మెట్ నీకూ కావాలి.

ప్రశ్న: కర్నూలులో ఉంటాను. హైదరాబాద్‌లో నింజా 300 బేరం కుదిరింది. పేరు మార్పు తర్వాత చేసుకుందాం, ముందు బండి తీసుకెళ్ళు అంటున్నాడు అమ్మే ఆయన. తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు. వేరే రాష్ట్రం బండి కాబట్టి ముందు ఆయన తన ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, అది ఫారం 28. అమ్మకానికి 29, 30 ఫారాలు సంతకాలతో సహా కావాలి. అప్పు మీద కొన్న బండి అయితే ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35 కూడా ఉండాలి. ఆ తర్వాత మన దగ్గర బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ మొత్తం ఎంతో కర్నూలు రవాణా శాఖ ఆఫీసులో ముందే కనుక్కుని బేరంలో కలుపుకో, చాలామంది ఇది మరచిపోయి తర్వాత లబోదిబోమంటారు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరు మీదకు మార్పించుకో. నింజా 300 అంటే 296 సీసీ, థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో పెట్టిన రేటు ప్రకారం ఏడాదికి 1,366 రూపాయలు, అదే 350 సీసీ దాటితే 2,804. నీ ఎత్తు రాయలేదు. ఆరడుగులు దాటితే పైన అనంతపురం తమ్ముడికి చెప్పిన పదిహేను నిమిషాల పరీక్ష అడ్వాన్స్ ఇవ్వకముందే చేయి.