పాటకు జైలెందుకు వేశారు?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్ళం ఆగస్టు 15న పిల్లలతో ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాడిస్తున్నాం. “పాట పాడితే తెల్లవాళ్ళు వెళ్ళిపోయారా అమ్మా?” అని మా అబ్బాయి అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: వెళ్ళిపోలేదనే చెప్పండి తల్లీ. కానీ భయపడ్డారని కూడా చెప్పండి. ఈ పాట రాసినందుకు గరిమెళ్ళ సత్యనారాయణ గారికి 1922లో ఏడాది కఠిన శిక్ష వేశారు. విడుదలయ్యాక ఊరుకోకుండా మళ్ళీ పాడారు. ఈసారి రెండున్నరేళ్ళు వేశారు.

ఎందుకంత భయమో తెలియాలంటే చరణాల్లో పదేపదే వచ్చే ‘అండి’ని గమనించండి. వేదికెక్కి ఉపన్యసించినట్టు ఉండదు. అరుగు మీద కూర్చుని పక్కింటాయనతో కష్టం చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఇన్ని పంటలు పండుతున్నా పట్టెడన్నం లేదని, ఉప్పు ముట్టుకుంటే దోషమని. దండి యాత్ర 1930లో జరిగింది. పాట అంతకు దాదాపు పదేళ్ళ ముందుది! ఉప్పు పన్ను బాధ అప్పటికే జనం నోట పాటై నలుగుతోందన్నమాట.

చింతాద్రిపేట ఇంట్లో మా నాయనమ్మ తిరగలి తిప్పుతూ ఈ పాట పాడేది. ఆమెకు అక్షరం ముక్క రాదు, రాసినవారి పేరూ తెలియదు. ఉప్పు మాట రాగానే తిరగలి ఆగేది. పిడి మీద చెయ్యి అలాగే ఉంచి, ఆ పాదం రెండోసారి అని, అప్పుడు మళ్ళీ తిప్పేది. చదువురాని మనిషి దాకా సర్కారు మీద ఫిర్యాదును ఏ కరపత్రం అలా చేర్చగలదు? దొరలకు దడ పుట్టించింది అదే.

ఇంకొకటి కూడా చెప్పండి. గరిమెళ్ళ వారు చివరి రోజులు గడిపింది మన మద్రాసులోనే. ‘గృహలక్ష్మి’ పత్రికలో పనిచేశారు. ఆ తరువాత పేదరికం ఆయన్ను వదల్లేదు. 1952 డిసెంబరు 18న ఇక్కడే కన్నుమూశారు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్ళు దాటింది. ఇంతమంది తెలుగువాళ్ళున్న ఊళ్ళో ఆయన అలా పోయారంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పల్లవితో సరిపెట్టకండి. వాయిద్యాలు అక్కర్లేదు, చప్పట్లు చాలు. ఒకరు పాదం అందిస్తే మిగిలినవారు అందుకోవాలి. ఉప్పు చరణం మాత్రం మీ అబ్బాయికే ఇవ్వండి.