పెరట్లో రేకుల షెడ్డు, కొన్న ఇంట్లో గోడ చెమ్మ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఈమధ్యే పాత ఇల్లొకటి కొన్నాం. పెరట్లో పనిముట్లకూ సైకిళ్లకూ కొబ్బరి డొక్కలకూ 10×12 అడుగుల రేకుల షెడ్డు వేయించాలనుకుంటున్నాం. నాలుగు పైపులు పాతి రేకులు కొడితే చాలని వెల్డరు అంటున్నాడు. తుపానుకు ఆగుతుందా? సామాను ఎంత పడుతుంది?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆగదండీ. మామూలు రోజుల్లో ఆ షెడ్డుకు ఏ ఇబ్బందీ ఉండదు, అందుకే మీ వెల్డరుకు అది చాలనిపిస్తోంది. మీ షెడ్డు కప్పుకు పట్టే రేకుల బరువు మొత్తం కలిపినా 70 కిలోలే. అంత మాత్రం బరువు మోయడానికి పునాది అక్కర్లేదు. పునాది కావలసింది గాలి ఎత్తుకుపోకుండా షెడ్డును నేలకు పట్టి ఉంచడానికి.

లెక్క చూడండి. భారతీయ ప్రమాణాల ప్రకారం మన కోస్తాకు మూల గాలివేగం (కట్టడాల లెక్కకు తీసుకునే గాలివేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అది 44 మీటర్లు. 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద చూపే ఒత్తిడి సుమారు 150 కిలోలు. చుట్టూ ఇళ్లున్న పెరట్లో, తక్కువ ఎత్తు షెడ్డుకు ఇది తగ్గుతుంది. అయినా చూరుతో కలిపి 12×13 అడుగుల కప్పును పైకి లాగే బలం టన్నున్నర దాకా వస్తుంది. ఆ సమయంలో తలుపు తెరుచుకుంటే లోపలికి జొరబడిన గాలి కూడా కిందినుంచి ఎగదన్ని దాన్ని ఇంకా పెంచుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రేకుల కప్పులు ఎలా లేచిపోయాయో ఉత్తర కోస్తా వాళ్లకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి నాలుగు కాదు, ఆరు స్తంభాలు వేయించండి. 12 అడుగుల వైపున మూడేసి, ఆరడుగులకు ఒకటి. ఒక్కో స్తంభం కింద అడుగున్నర చదరం, రెండడుగుల లోతు గొయ్యి తీసి 1:2:4 కాంక్రీటు (ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర) నింపాలి. ఒక్కో దిమ్మె 300 కిలోల పైనే తూగుతుంది, ఆరూ కలిస్తే 1,800 కిలోలు. పైనుండే ఇనుము మరో 300 కిలోలు. టన్నున్నర గాలికి ఇది సరిపోతుంది. కోనసీమలో వానాకాలం గోతుల్లో నీళ్లూరతాయి, కనుక ఈ పని వేసవిలో పెట్టుకోండి.

పైపును నేరుగా కాంక్రీటులో పాతొద్దు. మట్టీ గాలీ కలిసే గీత దగ్గరే ఇనుము ముందుగా తుప్పు పట్టి కొన్నేళ్లలో తెగుతుంది. దిమ్మెను గచ్చు మట్టం కంటే మూడు అంగుళాలు పైకి తెచ్చి, అందులో 12 మి.మీ. బోల్టులు నాలుగు, అడుగున్నర పొడవువి, కింది కొన వంచి దింపండి. 6×6 అంగుళాల, 8 మి.మీ. మందం బేస్ ప్లేటును స్తంభానికి వెల్డు చేయించి వాటికి బిగించాలి, ఒక్కో బోల్టుకు రెండేసి నట్లు. బోల్టులు వంకర పోకుండా ప్లేటు కొలతకే ఒక చెక్క ముక్కకు రంధ్రాలు పెట్టి, కాంక్రీటు గట్టిపడేదాకా దానితోనే పట్టి ఉంచాలి. ఏడు రోజులు నీళ్లు కట్టాకే స్తంభాలు నిలబెట్టండి.

ఇనుము వివరాలు: స్తంభాలకు 2×2 అంగుళాల, 2 మి.మీ. మందం చదరపు పైపు. ముందు వైపు ఎనిమిదిన్నర అడుగులు, వెనక ఏడున్నర, అంటే పది అడుగులకు అడుగు వాలు. 20 అడుగుల పైపులు మూడు సరిపోతాయి. స్తంభాల తలలను కలిపే అడ్డాలకు అవే పైపులు మరో రెండు. ముందునుంచి వెనక్కి వాలు మీద వచ్చే మూడు దూలాలకు మాత్రం 2×2 చాలదు, గాలికి వంగిపోతుంది. 80×40 మి.మీ., 2.5 మి.మీ. మందం పైపులు మూడు తీసుకుని, 80 వైపు నిలువుగా ఉండేలా పెట్టించండి. పడుకోబెడితే దాని బలం బాగా తగ్గుతుంది. వాటి మీద అడ్డంగా 40×40 పైపులు ఐదు, మూడడుగుల లోపు ఎడంతో. గోడ రేకులు పట్టే అడ్డాలకు వీటి మిగులు ముక్కలు పోను మరో ఐదు. మూలల్లో ఏటవాలు కట్లకూ తలుపు చట్రానికీ మిగిలిన ముక్కలు సరిపోతాయి.

కొట్టులో ఒక పని తప్పకుండా చేయండి. 2×2 పైపు 2 మి.మీ. మందం అని అమ్ముతారు, తూకం వేయించండి. 20 అడుగుల పైపు దాదాపు 18 కిలోలు ఉండాలి. 14, 15 కిలోలే తూగితే మందం 1.6 మి.మీ. అన్నమాట.

కప్పుకు 0.50 మి.మీ. కలర్ కోటెడ్ రేకులు, 12 అడుగుల పొడవువి నాలుగు. ఒక్కోటి కమ్ముకునే భాగం పోను మీటరు వెడల్పు కప్పుతుంది, నాలుగింటితో 13 అడుగులు వస్తుంది. గోడలకు 0.40 చాలు. స్క్రూలు కప్పు మీద రేకు ఉబ్బు భాగంలో, గోడల మీద పల్లంలో కొట్టాలి. కప్పు మీద పల్లంలో కొడితే నీరు పారేది వాటి మీదుగానే, వాషర్ గట్టిపడిన ఏడాది నుంచి కారుతుంది. చూరు దగ్గరి అడ్డాల మీద ప్రతి ఉబ్బుకూ ఒకటి, మధ్యలో ఒకటి విడిచి ఒకటి. కప్పుకు వందకు పైన పడతాయి. రబ్బరు వాషర్ కొద్దిగా నొక్కుకుంటే చాలు, పక్కలకు పొంగేదాకా బిగిస్తే అది చీలుతుంది. రేకును గ్రైండరుతో కోయనివ్వకండి, నిప్పురవ్వలకు రంగూ జింకూ మాడి అక్కడే తుప్పు మొదలవుతుంది. డ్రిల్లు చేసిన ఇనుప రజను ఆ సాయంత్రమే ఊడ్పించాలి, ఒక్క వానకు ఆ చుక్కలన్నీ తుప్పు మరకలవుతాయి.

గచ్చు నాలుగు అంగుళాల మందం, చుట్టూ నేల కంటే ఆరు అంగుళాల ఎత్తు. దిమ్మెలతో కలిపి సిమెంటు 12 బస్తాలు, ఇసుక 30 ఘనపుటడుగులు, 20 మి.మీ. కంకర 60. కప్పు కింద ఆరు అంగుళాల సందు వదిలి సన్నని జాలీ కొట్టించండి, లేకపోతే చలికాలం తెల్లవారుజామున రేకు లోపలి వైపు నీరు పట్టి పనిముట్ల మీద కారుతుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి. దాని కింద సందు అర అంగుళం దాటితే ఎలుకలు, వాటి వెనకే పాములు వస్తాయి.

స్థలం ఖరారు చేసే ముందు ఇంటి ప్లాన్‌లో వదలాల్సిన ఖాళీ ఎంతో పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయంలో కనుక్కోండి. ఆ ఖాళీలో కప్పు వేస్తే అతిక్రమణ కింద లెక్కిస్తారు. వాస్తు పట్టింపుతో ఈశాన్యం వదిలి నైరుతి మూలకు వెళ్లేవాళ్లు అక్కడ సెప్టిక్ ట్యాంకు మూత ఉందేమో ముందు చూసుకోవాలి.

ప్రశ్న: మాది నల్లరేగడి. పాత షెడ్డు గచ్చు రెండేళ్లకే పగిలి, ఓ మూల పైకి లేచింది. మళ్లీ వేస్తే అంతేనా?
- ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: కింది మట్టి మార్చకుండా వేస్తే అంతే. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైన ఎంత మందం కాంక్రీటు వేసినా నిలవదు. అడుగున్నర లోతు రేగడి తీసేసి, మొరాన్ని ఆరు అంగుళాల చొప్పున పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి దిమ్మిస కొట్టించండి. గచ్చును స్తంభాల దిమ్మెలకు అతికించకుండా చుట్టూ అర అంగుళం సందు విడవండి, అప్పుడు ఒకటి కదిలినా రెండోది పగలదు. కప్పు నీరు షెడ్డు పక్కనే పడకుండా గొట్టంతో దూరానికి పంపండి. ఒక పక్క మట్టి తడిసి, మరో పక్క ఎండడమే మూల లేవడానికి కారణం. దిమ్మెల లోతు మూడడుగులకు పెంచాలి.

ప్రశ్న: పదిహేనేళ్ల ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి రెండు నెలలుంది. కింది గదుల గోడలు మూడడుగుల ఎత్తు వరకు చెమ్మతో పెచ్చులూడుతున్నాయి. లప్పం పెట్టి రంగు వేస్తే పోతుందని పెయింటరు అంటున్నాడు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లప్పం పెట్టనివ్వకండి. లోపలి నీరు బయటికి ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకాస్త పైకి ఎక్కుతుంది, ఆ లప్పం కూడా ఒక వానాకాలానికి రాలుతుంది. ముందు నీరు ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు నీరు పడితే అది గోడలోంచే వస్తోంది. ఆ గోడకు అవతల స్నానాలగది ఉంటే పైపులు అనుమానించండి. లేకపోతే బయటికి వెళ్లి నేల మట్టం చూడండి. పాత ఇళ్లలో చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది: రోడ్డు పెరిగిందని పెరట్లో మట్టి పోసుకుంటూ పోతే, పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసిన పొర ఆ మట్టి కిందికి పోతుంది, నీరు దాన్ని దాటి నేరుగా గోడలోకి ఎక్కుతుంది. ఇంటి అరుగు మట్టం కంటే ఆరు అంగుళాలు కిందికి మట్టి తీయించండి.

తర్వాత చెమ్మ గీతకు అడుగు పైదాకా ప్లాస్టరింగు చెక్కించి, ఇటుకల సందులు అర అంగుళం గీకించండి. తెల్లగా పొంగిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. రెండు మూడు వారాలు ఆరనివ్వండి. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపిన 1:4 (సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు) ప్లాస్టరింగు చేయించి (బస్తాకు సాధారణంగా 200 మి.లీ., డబ్బా మీది కొలత చూసుకోండి) ఏడు రోజులు తడపాలి. ఇక్కడికే మీ రెండు నెలల్లో సగం పైన పోతుంది. గృహప్రవేశానికి ఈ గదులకు సున్నం వేయించి, రంగు ఇంకో నెల తర్వాత పెట్టుకోండి. సున్నం గోడను ఊపిరి పీల్చనిస్తుంది. నూనె రంగు వద్దు.

ఈలోగా డాబా కూడా పరీక్షించండి. గొట్టాలు మూసి రెండు అంగుళాల నీరు 48 గంటలు నిలిపి, కింద తడి మరకలు వెతకండి. స్లాబు అడుగున తుప్పు పట్టిన కడ్డీలు కనిపిస్తుంటే మాత్రం నీరు నిలపొద్దు, ముందు ఇంజినీరుకు చూపించండి. కరెంటు గాడులు కోయాల్సి ఉంటే ప్లాస్టరింగు కంటే ముందే కోయించండి.

ప్రశ్న: ఇంట్లోంచి షెడ్డుకు వైరు లాగి ఒక లైటు, ఒక ప్లగ్గు పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెట్టుకోవచ్చు, గాలిలో వేలాడే వైరుతో మాత్రం కాదు. మెయిన్ బోర్డులో షెడ్డుకు విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) పెట్టించి, 2.5 చదరపు మి.మీ. మూడు తీగల ఆర్మర్డ్ (ఇనుప తొడుగున్న) కేబుల్‌ను రెండడుగుల లోతున ఇసుక మీద పరిచి, పైన ఇటుకలు పేర్పించండి. తర్వాత ఎవరైనా తవ్వితే గునపం ముందు ఇటుకకు తగులుతుంది.

షెడ్డు ఇనుప చట్రాన్ని ఇంటి ఎర్త్‌కు 8 గేజీ జీఐ (జింకు పూసిన ఇనుప) తీగతో కలపడం మరవొద్దు. ఎక్కడో వైరు తొక్క లేచి స్తంభానికి తగిలితే షెడ్డంతా కరెంటే. బట్టలు ఆరేసే ఇనుప తీగను షెడ్డు స్తంభానికి కట్టడం మన ఊళ్లలో మామూలు. తడి బట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి ప్రాణాలు పోతున్నది ఇలాంటి చోట్లే. దండేనికి నైలాన్ తాడు వాడండి. ఆర్‌సీసీబీ మీది టెస్టు మీట నెలకోసారి నొక్కి చూడండి, పడిపోకపోతే అది పనిచేయడం లేదు.

ప్రశ్న: కొన్న ఇంటి పెరట్లో పాత సిమెంటు రేకుల పాక ఉంది. పగలగొట్టి ఆ ముక్కలు కొత్త షెడ్డు గచ్చు కింద నింపవచ్చా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దండీ. ఆ పాత రేకుల్లో ఉండేది ఆస్‌బెస్టాస్. పగిలినప్పుడు, కోసినప్పుడు లేచే కంటికి కనిపించని నార ఊపిరితిత్తుల్లో చేరి, దశాబ్దాల తర్వాత క్యాన్సరుకు దారితీయవచ్చు. రేకులు గట్టిగా ఉంటే కదపకుండా రంగు వేసి వాడుకోవడమే మేలు. తీయక తప్పకపోతే సబ్బు నీళ్లు చల్లి బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకులు రేకులుగానే దించండి. దించేవాళ్లకు పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు ఉండాలి, ఈ నారకు ఎన్95 చాలదు, వాళ్ల బట్టలు విడిగా ఉతకాలి, పిల్లల్ని ఆ పూట ఇంట్లో ఉంచకండి. దించినవాటిని మందపాటి పాలిథిన్‌లో చుట్టి, ఎక్కడ అప్పగించాలో మున్సిపాలిటీలో అడగండి. రాలిన పొడిని చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ అదే పాలిథిన్‌లో వేసి మూతి కట్టండి.