నోట్లో ఉంటే పళ్ళు, కడితే పన్నులు

మీ ప్రశ్న పన్నుతో మొదలైంది: నోట్లో ఉండేదానికీ, ప్రభుత్వం వసూలు చేసేదానికీ ఒకే మాట ఎందుకుంది అని. అక్కణ్ణుంచి, ఒక్కో మాటకీ పేరుకీ ఇన్నేసి అర్థాలు ఎవరు తగిలిస్తారు, రాసేటప్పుడు అలాంటి మాటలు మానుకోవడం మంచిదా అనేదాకా వెళ్ళారు. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను. కొన్నేళ్ళుగా ఒక పత్రికకి గళ్ళ నుడికట్లు కూరుస్తున్నాను. ప్రతి మాటకీ ఒకే అర్థం ఉంటే నాకు ఈ పనే ఉండేది కాదు. కాబట్టి ఆ గళ్ళలోంచి నాకు కనిపించింది చెబుతాను.

ముందు పన్ను సంగతి. అది ఒక మాటకి రెండర్థాలు రావడం కాదు, రెండు మాటలు ఒకే వేషంలో తిరగడం. అనుమానముంటే బహువచనం చేసి చూడండి. నోట్లోవి పళ్ళు, కట్టేవి పన్నులు. విభక్తి తగిలించి చూడండి. పంటికి నొప్పి వస్తుంది, పన్నుకి రాయితీ వస్తుంది. ‘పంటికి రాయితీ’ అంటే డెంటిస్టు ఫీజు తగ్గించాడేమో అనుకుంటారు. పైకి ఒకటిగా కనిపించినా లోపల రెండూ వేరని వ్యాకరణమే పట్టిస్తోంది. తమాషా ఏంటంటే, అక్కడ విడిపోయిన పన్ను ఇంకోచోట ఇంకోదానితో కలిసిపోతుంది. పండుకి బహువచనం కూడా పళ్ళే కదా! ‘పటపటా పండ్లు కొరికాడు’ అని పాతకాలం వాళ్ళు రాస్తే కోపం వచ్చిందనే అర్థం, ఆకలి వేసిందని కాదు.

ఈ బహువచనం చిట్కా నాకు గళ్ళు నింపడంలో బాగా పనికొచ్చింది. ఒకసారి ‘పొంగితే బహువచనం, పంచితే ఏకవచనం (2)’ అని ఆధారం ఇచ్చాను. జవాబు పాలు. పాలు ఏకవచనం ఎలా అవుతుందని ఒక పాఠకుడు గట్టిగానే ఉత్తరం రాశారు. పొయ్యి మీదవి ఎప్పుడూ ‘పొంగాయి’ అనే అంటాం, ‘పొంగింది’ అనం. వాటా అనే అర్థంలో మాత్రం పాలు ఒకటే, రెండైతే ‘రెండు పాళ్ళు’. ‘అప్పులపాలయ్యాడు’లో ఉన్నది ఈ రెండో పాలు. అదే జవాబు రాసి పంపితే, ఆయన ఒప్పుకుంటూనే ‘మరి ఏమీ పాలుపోవడం లేదు అన్నప్పుడు ఎన్నో పాలు?’ అని తిరుగు ఉత్తరం వేశారు. ఇలాంటి పాఠకులు ఉండబట్టే ఈ పనిలో సరదా.

రెండు మాటలు ఇలా ఎందుకు ఢీకొంటాయంటే, ఎక్కువసార్లు ధ్వనులు అరిగిపోవడం వల్ల. ‘వేరు’ తీసుకోండి. చెట్టుకుండేది వేరు, ఇదీ అదీ ఒకటి కానప్పుడు వేరు. పూర్వం మొదటిది మామూలు ‘ర’తో వేరు, రెండోది బండి ‘ఱ’తో వేఱు. తమిళంలో ఇప్పటికీ రెండు అక్షరాలూ వేరే. మన నోట్లో ఆ తేడా పోయింది, తర్వాత రాతలోనూ పోయింది, మాటలు రెండూ ఒకే గడిలో వచ్చి కూర్చున్నాయి. ఇక చెట్టు వేరుకి బహువచనం వేళ్ళు, చేతి వేలుకీ వేళ్ళే. వేయికి బహువచనం వేలు. ఈ గుంపు మీద ఒక పజిల్ మొత్తం నడిపించొచ్చు, నేను నడిపాను కూడా.

రెండో దారి దీనికి పూర్తిగా ఉల్టా. ఇక్కడ మాట ఒకటే, సాగుతూ పోతుంది. నాకు బాగా ఇష్టమైనది ‘కొట్టు’ అనే క్రియ. తలుపు కొట్టాడు అంటే చెయ్యి నిజంగా తగిలింది. చప్పట్లు కొట్టాడు, ఇక్కడా తగిలింది, పనిలో పనిగా చప్పుడు కూడా వచ్చింది. పది గంటలు కొట్టింది అన్నాక చెయ్యి అక్కర్లేదు, చప్పుడు చాలు. ఈత కొట్టాడు అంటే నీళ్ళ మీద చేతులు పడుతున్నాయనైనా సరిపెట్టుకోవచ్చు. కన్ను కొట్టడంలో ఎవరు ఎవర్ని కొట్టారు? కంపు కొట్టింది, బోరు కొట్టింది, కాపీ కొట్టాడు, లిస్టులోంచి పేరు కొట్టేశారు, పర్సు కొట్టేశారు. చివరి రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకదాంట్లో గీత, ఒకదాంట్లో దొంగతనం. తలుపు దగ్గర మొదలైన మాట పర్సు దాకా వచ్చేసరికి మొదటి చివరకీ ఆఖరి చివరకీ పోలికే లేదు. కానీ మధ్యలో ఏ మెట్టు మీదా ఎవరూ కొత్త అర్థం కనిపెట్టలేదు. ఉన్నదాన్ని ఇంకాస్త దూరం జరిపారు, అంతే.

ఇలా సాగేవి ఎప్పుడూ బాగా వాడుకలో ఉన్న మాటలే. కొట్టు, పట్టు, పడు, వేయు, తల, చెయ్యి. ‘తల దువ్వుకున్నాడు’ అంటే జుట్టు, ‘తలకింత’ అంటే మనిషి. ‘ఉత్ప్రేక్ష’ లాంటి మాట మీద శ్లేష కట్టాలంటే రోజంతా కూర్చున్నా ఏమీ రాదు, ఎందుకంటే దాన్ని నలుగురూ నలపలేదు. ఇది నా గళ్ళకే పరిమితమైన సంగతేమో అనుకునేవాణ్ణి. జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లోనే, మాట ఎంత ఎక్కువగా వాడుకలో ఉంటే దానికి అర్థాలు అంత ఎక్కువ ఉంటాయని లెక్కగట్టి చూపించాడు. కొత్త అవసరం వచ్చినప్పుడల్లా కొత్త మాట పుట్టించి అందరికీ నేర్పడం కష్టం. చేతికందిన పాత మాటని వాడేస్తే ఎదుటివాడు సందర్భాన్ని బట్టి పట్టేసుకుంటాడు.

మరి నిఘంటువుల్లో కనిపించే పొడవాటి అర్థాల జాబితాలు? పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో నానార్థ వర్గం అని ఒక భాగమే ఉంది. అందులో ‘హరి’ దగ్గర ఒక్క శ్లోకంలో యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని పదమూడు చెప్పి, మళ్ళీ కపిల వర్ణం కూడా హరే అంటాడు అమరసింహుడు. మొదటిసారి చదివినప్పుడు ఇది మరీ అతిశయం అనిపిస్తుంది. ఆ చివరి రంగుని ముందుకి తెచ్చి మళ్ళీ చదవండి. హరి అన్నది మొదట పసుపూ ఆకుపచ్చా గోధుమరంగూ కలగలిసిన ఒక రంగు మాట. సింహం, కోతి, చిలుక, కప్ప ఒక్కసారిగా వరసలోకి వచ్చేస్తాయి. సూర్యుడూ కిరణమూ కూడా. దేవుళ్ళ దగ్గరికి వచ్చేసరికి వ్యాఖ్యాతలు ‘పాపాలను హరించేవాడు’ అని ఇంకో ధాతువు నుంచి లాక్కొస్తారు. అది భక్తికి బాగుంటుంది, కప్పకి మాత్రం సరిపోదు.

పేర్ల కథ ఇంకో రకం. పేరు తనంతట తాను సాగదు, ఎవరో ఎత్తుకుపోయి పెట్టుకుంటారు. అందుకే అక్కడ తేదీలు దొరుకుతాయి. పైథాన్ గ్రీకు పురాణంలో అపోలో చంపిన సర్పం. ఆ పేరు జంతుశాస్త్రంలో కొండచిలువలకి పెట్టారు. 1969లో బీబీసీలో మొదలైన హాస్య కార్యక్రమం వాళ్ళు ‘మాంటీ పైథాన్’ అని పెట్టుకున్నారు. 1991లో విడుదలైన ప్రోగ్రామింగ్ భాషకి, దాన్ని తయారుచేసిన గైడో వాన్ రోసమ్ ఆ కార్యక్రమం మీద ఇష్టంతో పైథాన్ అన్నాడు, పాము ఆయన లెక్కలోనే లేదు. అయినా ఇవాళ ఆ భాష లోగోలో ఉన్నవి రెండు పాములే. పెట్టినవాడి ఉద్దేశం ఏదైనా, విన్నవాళ్ళకి ముందు తట్టిందే గెలిచింది. జార్జియా దీనికి భిన్నం: అమెరికా రాష్ట్రానికి బ్రిటన్ రాజు రెండో జార్జి పేరు పెట్టారు, నల్లసముద్రం ఒడ్డున ఉన్న దేశానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. అంటే పన్ను లాంటిదే, ఢీకొట్టిన కేసు.

వైరస్ మాత్రం ఎవరో ఎత్తుకుపోయి పెట్టుకోవడం, తనంతట తాను సాగడం, రెండు దారులూ తొక్కింది. లాటిన్‌లో విషం. 1898లో బైజరింక్ అనే డచ్ శాస్త్రవేత్త పొగాకు ఆకుల తెగులుకి కారణమైన, వడపోతకి చిక్కని పదార్థానికి ఆ మాట వాడాడు. 1980ల నాటికి కంప్యూటర్లలో పాకే ప్రోగ్రాములకి వచ్చింది. ఇప్పుడు ‘వైరల్ ఫీవర్’ వస్తే టెన్షన్, ‘వీడియో వైరల్’ అయితే సంబరం. విషం నుంచి సంబరానికి ఎవరూ తీర్మానం చేసి తీసుకురాలేదు. నిఘంటుకర్త చివర్న వచ్చి, జరిగిపోయినదాన్ని రాసుకుంటాడు.

రాసేటప్పుడు మానుకోవాలా అన్నారు. అక్కర్లేదు. వాక్యంలో ఉన్నప్పుడు చుట్టుపక్కల మాటలే అర్థాన్ని తేల్చేస్తాయి. ‘పళ్ళు తోముకున్నాడు’ అంటే పండ్లబుట్ట ఎవరికీ గుర్తురాదు. చిక్కు వచ్చేది మాట ఒంటరిగా నిలబడినప్పుడే: శీర్షికలో, బోర్డు మీద, సెర్చ్ పెట్టెలో, నా గళ్ళలో. నేను కావాలనే ఒంటరిగా నిలబెడతాను, మీకు ఆ అవసరం లేదు. ‘పళ్ళ సంరక్షణ’ అని శీర్షిక పెడితే సగం మంది ఫ్రిజ్ గురించి అనుకుంటారు. అక్కడ ‘దంత సంరక్షణ’ అని పెట్టి, లోపల హాయిగా పళ్ళు అనే రాసుకోండి.