అడుగున్నర

అమ్మాయ్,

'కెప్టెన్' యుద్ధనౌక మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తుపానుతో ఎత్తుకున్నావు. మొదటి పేజీ నిండా భీకరం, ప్రళయం, కరాళం. అంత హోరు తర్వాత కూడా ఆ ఓడ ఎందుకు మునిగిందో నాకు తెలియలేదు. 1870 సెప్టెంబరు 7 తెల్లవారేసరికి, స్పెయిన్ తీరంలోని ఫినిస్టెర్ అగ్రం దగ్గర అదే గాలి తిన్న మిగతా బ్రిటిష్ ఓడలు తేలుతూనే ఉన్నాయి. 'మోనార్క్' కూడా. దానికీ టరెట్లున్నాయి (ఫిరంగులుండే, తిరిగే ఇనుప గదులు), తెరచాపలున్నాయి. మరి నేరమంతా తుపాను మీదికి ఎలా నెడతావు?

నీ వయసులో కాకినాడ రేవు మీద ఒక వ్యాసం రాసి, ఓ ముసలి సరంగుకు చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "సరుకేస్తే పడవ ఎంత దిగుద్ది బాబూ? అది రాయలేదే" అన్నాడు. సిగ్గేసింది. అప్పట్నుంచీ ఓడల గురించి ఏది చదివినా నా మొదటి ప్రశ్న అదే.

కెప్టెన్‌నీ అదే అడుగు. ఆ ఓడకు రూపమిచ్చిన కూపర్ కోల్స్ లెక్క ప్రకారం డెక్కు నీటికి 8 అడుగుల ఎత్తున ఉండాలి. ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో కట్టడం పూర్తయ్యేసరికి మిగిలింది ఆరున్నర. బరువు 700 టన్నులకు పైగా పెరిగిపోయింది. నీ కథ ఆ అడుగున్నరలో ఉంది.

కోల్స్‌ని మూర్ఖుణ్ణి చేసేశావు, అది మాత్రం నాకు నచ్చలేదు. టరెట్ తిరుగుతూ కాల్చాలంటే చుట్టూ అడ్డుండకూడదు. డెక్కు కిందికుంటే శత్రువుకు గురి దొరకడం కష్టం, ఇనుప కవచమూ తక్కువ పడుతుంది. ఆనాటి ఇంజన్లు బొగ్గు మింగేసేవి కాబట్టి దూరం పోవాలంటే తెరచాపలు తప్పవు. దేనికది సబబే. డెక్కు అంత కిందికున్న ఓడ మీద అంతెత్తు కొయ్యలు నిలబెట్టాకే చిక్కు వచ్చింది. నౌకాదళం ప్రధాన రూపకర్త ఎడ్వర్డ్ రీడ్ ముందే మొత్తుకున్నాడు. పత్రికలు, పార్లమెంటులో కొందరు కోల్స్ పక్షాన నిలిచారు. జనాభిప్రాయానికి తలొగ్గి కట్టారని తర్వాత నౌకాదళం జరిపిన విచారణ, కోర్టు మార్షలే తేల్చింది. (రీడ్‌ని దేవుణ్ణి చెయ్యకు. ఇద్దరూ మొండివాళ్లే.)

ఇక ఆ రాత్రి. నీకు విశేషణాలు అక్కర్లేదు, డిగ్రీలు చాలు. ఓడ 14 డిగ్రీలు ఒరిగితే డెక్కు అంచు నీళ్లను తాకుతుంది. 21 దాటాక తిరిగి లేచే బలం తగ్గుతూ వస్తుంది. మోనార్క్‌కు ఆ హద్దు 40. జులైలో పోర్ట్స్‌మత్‌లో ఓడను ఒరిగించి పరీక్షించారు గానీ, లెక్కలు తేలేసరికి అది సముద్రం మీదికి వెళ్లిపోయింది. అర్ధరాత్రి దాటాక ఓడ అధికారి బర్గోయిన్ "ఎంత ఒరిగింది?" అని అడగడం, "18" అని జవాబు రావడం బతికినవాళ్లు విన్నారు. పాఠకుడికి 21 సంగతి ముందే చెప్పి ఉంచు. తర్వాత ఆ 18 దగ్గర నువ్వేమీ రాయకు.

గన్నర్ జేమ్స్ మే సంగతి నువ్వు వదిలేశావు, ఎందుకో! ఓడ ఊగడం తేడాగా తోచి నిద్రలేచాడు. దీపం పట్టుకుని వెనక టరెట్‌లోకి వెళ్లి, 25 టన్నుల ఫిరంగులు కదలకుండా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. అంతలో ఓడ పక్కకు పడిపోయింది. గురి చూసే కన్నంలోంచి బయటికి ఈదాడు. నీ మొదటి పేరా ఆ దీపంతో మొదలవ్వాలి.

చిన్న సంగతులు రెండు. ఓడ పేరే కెప్టెన్ కాబట్టి దాని అధికారిని ప్రతిచోటా బర్గోయిన్ అనే రాయి, నేనే రెండుచోట్ల తికమకపడ్డాను. నౌకాదళ మంత్రి చిల్డర్స్ కొడుకు, కోల్స్, ఇద్దరూ అందులోనే పోయారు, బతికింది 18 మందే. దానికి ఒక్క వాక్యం పెట్టు, ఏడిపించకు.

మొదటి పేజీ తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.